కోతి తాకని పిల్ల

సిద్దిపేట,
జులై 3

ప్రమీలా టీచర్ గారికి,
ఎస్తేరు వందనాలు.

మీరు చెప్పినట్టే ఫోను పక్కన పెట్టి పెన్ను పట్టుకున్నాను. "ఫోన్లో అయితే 'అవును టీచర్, సరే టీచర్' అని తప్పించుకుంటావు, కాగితం మీదైతే దొరుకుతావు" అని రిటైరైన రోజు మీరన్న మాట పొద్దున కుకునూరుపల్లి బస్సెక్కిన ప్రతిసారీ గుర్తొస్తోంది. ఇదిగో, దొరికాను.

మీ కుర్చీలో నేనింకా కూర్చోవడం లేదు. హెడ్‌మాస్టర్ పని నాకు అప్పగించి వెళ్ళారు గానీ, సాయికిరణ్ ఆ కుర్చీ వీపు మీద సుద్దతో "ప్రమీల టీచర్ ది, ముట్టద్దు" అని రాసి పెట్టాడు. నాలుగో తరగతికి వచ్చాడన్న మాటే గానీ వాడి నోటికి తాళం పడలేదు. నేను స్టూలు మీదే నెట్టుకొస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. చదివేముందు నీళ్ళు తాగండి. మన బడికి మూడు కంప్యూటర్లు వచ్చాయి. సిద్దిపేటలో ఎవరో పాతవి తీసేస్తుంటే జిరాక్స్ షాపు సంతోష్ అడిగి పట్టుకొచ్చాడు. మీరు బియ్యం బస్తాలు పెట్టించే గదిలో పెట్టాం. బస్తాలు వరండాలోకి వచ్చాయని లచ్చవ్వ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది, మాట్లాడకపోతేనే బాగుండేది అనిపించింది. మధ్యాహ్నం వంట ఆమెది, బడి ఆమెది, మనం చుట్టాలం.

వాటితో పిల్లలను ఆటలు ఆడించబోవడం లేదు టీచర్. పిల్లల చేతనే ఆటలు తయారు చేయించబోతున్నాను. సంతోష్ ఎక్కించిన దాంట్లో రంగురంగుల బిళ్ళలుంటాయి. ఒక్కో బిళ్ళ మీద తెలుగులో ఒక్కో మాట: "పది అడుగులు నడువు", "తాకితే", "మాయమైపో". బిళ్ళకు బిళ్ళ అతికిస్తే తెర మీద బొమ్మ అట్లాగే చేస్తుంది. అతికించాలంటే చదవాలి, లెక్క వేయాలి, ముందూ వెనకా ఆలోచించాలి. పాఠం చెబుతున్నానని వాళ్ళకు తెలియకుండానే పాఠం అయిపోతుంది.

ఏం ఆట చేద్దామంటే పంతొమ్మిది మందీ ఒకే మాట అన్నారు: మక్కచేను, కోతులు. ఊళ్ళో రోజూ చూసేదే కదా. ముందు నేల మీద సుద్దతో చేను గీసి ఆడి, నియమాలు రాయమన్నాను. సాయికిరణ్ రాసిన మొదటి నియమం: "కోతి టీచర్ ను ఎత్తుకపోతే ఆట బంద్, ఇంటికి పోవాలె."

ఒక్కటి అడగాలి. ఐదో తరగతి సాత్విక, మన లచ్చవ్వ మనవరాలు. నిన్న ఆమెను ఒక చిన్న ప్రశ్న అడిగితే పిల్లలంతా ఒక్కసారే "ఆమెను అడుగద్దు టీచర్" అన్నారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు. నేను ఈ బడికి వచ్చి రెండేళ్ళే, పోయినేడు దాకా చిన్న తరగతులే చూశాను కదా, నాకేమీ తెలియదు. ఏమిటి సంగతి?

మీ
ఎస్తేరు

*

నిజామాబాద్,
జులై 14

ఎస్తేరుకు,

నీ ఉత్తరం తిప్పి పంపుతున్నాను. ఎర్ర సిరా చూసి బెంబేలు పడకు. రెండు చోట్ల వత్తులు మింగావు, ఒక చోట వాక్యం మొదలుపెట్టి ఎక్కడికో వెళ్ళిపోయావు. సిద్దిపేట బస్సుల్లో రాస్తే ఇంతే. ఇంటికెళ్ళి కూర్చుని రాయి.

నీళ్ళు తాగే చదివాను. నలభై ఏళ్ళు బెత్తం చూపించి "ఆటలు బంద్" అన్నదాన్ని. నేను గడప దాటిన రెండో నెలకే బియ్యం బస్తాలు బయటికి, ఆటలు లోపలికి! మంచిదే. నేనుంటే ఒప్పుకునేదాన్ని కాదు, కాబట్టి నేను లేనప్పుడు చేయడం నీ తెలివి.

ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు రాయి. ఆ ఆటలో పిల్లలు ఓడిపోతే ఏమవుతుంది? ఏడుస్తారా, మళ్ళీ మొదలుపెడతారా? నాకు కంప్యూటరు తెలియదు గానీ పిల్లలు తెలుసు. ఓడిపోయిన పిల్లవాడి మొహం చూడటం నా వల్ల ఎన్నడూ కాలేదు. బెత్తం పట్టుకున్నవాళ్ళ గుండె ఎంత మెత్తనిదో లోకానికి తెలియదు, నువ్వూ చెప్పకు.

ఇక్కడ నేను రాణీవాసంలో ఉన్నాను. చెల్లెలు సుశీల నన్ను మంచం దిగనివ్వదు. కంటి ఆపరేషన్ అయి మూడు నెలలైంది, ఇంకా కత్తిపీట ముట్టనివ్వదు. నిన్న బెండకాయలు కోద్దామని కూర్చుంటే "అక్కా, నువ్వు జెర్ర ఊకో" అని ముందు నుంచి గిన్నె లాక్కుంది. బెండకాయలు జిగురొచ్చేలా కోసింది. నేను ఊరుకున్నాను.

సాత్విక బంగారం లాంటి పిల్ల. మూడేళ్ళూ ఎ గ్రేడే, రిజిస్టరు తీసి చూసుకో. దాని జోలికి పోయి పెద్ద పెద్ద ప్రశ్నలు వేయకు.

లచ్చవ్వను అడిగానని చెప్పు.

ప్రమీలాదేవి

*

సిద్దిపేట,
ఆగస్టు 9

ప్రమీలా టీచర్ గారికి,
వందనాలు. ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను, వత్తులన్నీ లెక్కపెట్టుకున్నాను.

ఓడిపోతే ఏమవుతుందని అడిగారు కదా. మొదటి వారం ఎవరూ ఓడిపోలేదు, ఎందుకంటే కోతి చేను దాటి, తెర దాటి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. ఆగమనే బిళ్ళ పెట్టడం మరిచారు. "గిప్పటికి గజ్వేల్ దాటిపోయి ఉంటది" అన్నాడు సాయికిరణ్.

రెండో వారం కోతి ఆగింది గానీ లెక్క ఆగలేదు. చేనులో ఐదు కంకులుంటే కోతి ఎనిమిది ఎత్తుకుపోయింది. తెర మీద మూడు, దాని ముందు ఒక అడ్డగీత పడ్డాయి. ఇదేంటర్రా అన్నాను. సంగీత చాలాసేపు చూసి, "ఇంక కాయని మూడు కంకులు గుడ తిన్నది టీచర్" అంది. హైస్కూల్లో మాకు ఒక నెల పట్టిన పాఠం టీచర్ అది! నేను సుద్ద కింద పెట్టేశాను. సున్నా కంటే తక్కువైతే ఆగమని వాళ్ళే ఇంకో బిళ్ళ వెతికి పెట్టుకున్నారు.

మూడో వారం పెద్ద పంచాయితీ. మన పిల్లలు ఏ ఆట ఆడినా చిన్నవాళ్ళను అరటిపండు చేసుకుంటారు కదా, ఆటలో ఉంటారు గానీ ఎవరు తాకినా ఔట్ కారు. కంప్యూటర్ ఆటలో కూడా అరటిపండు ఉండాల్సిందేనని పట్టుబట్టారు. కంప్యూటర్‌కు అరటిపండంటే ఏం తెలుసు? దానికి అందరూ సమానమే. చివరికి "ఈ బొమ్మను కోతి తాకితే ఏమీ చేయకు" అని ఒక బిళ్ళ కట్టారు. నేను ముచ్చటపడ్డాను. ఏ పెద్ద ఆటలోనూ ఇంత దయగల నియమం నేను చూడలేదు.

ఇంకో సంతోషం. వీళ్ళందరిలో చురుకైనది ఎవరనుకున్నారు? మీ సాత్విక! మాట్లాడదు, నవ్వదు, కానీ నేను ఒకసారి చేసి చూపిస్తే చాలు, పది బిళ్ళలు టకటకా అతికించేస్తుంది. మిగతావాళ్ళు ఇంకా రెండో బిళ్ళ కూడబలుక్కుంటుంటారు. మీ ఎ గ్రేడు అక్షరాలా నిజం. అనుమానించినందుకు మన్నించండి.

ఎస్తేరు

తాజా కలం: లచ్చవ్వ మీకు చెప్పమంది: "కన్ను మంచిగైతే వచ్చి నా బియ్యం బస్తాలు లోపట పెట్టియ్యమను."

*

నిజామాబాద్,
ఆగస్టు 20

ఎస్తేరూ,

ఈసారి ఒకే ఒక్క వత్తు. బాగుపడుతున్నావు.

నీ ఉత్తరం సుశీలకు రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి మొదలుపెడితే వంటింట్లోకి పారిపోయింది. కాయని మూడు కంకులు! ఆ సంగీత ఒకటో తరగతిలో పలక పగలగొట్టి నా మీదే చాడీ చెప్పిన పిల్ల.

నువ్వు ఆటలు చేయిస్తుంటే నాకు తెలియకపోతే ఎట్లా అని సుశీల ఫోను తీసుకుని పాము ఆట ఆడాను. నా తోకను నేనే కొరుక్కుని చచ్చిపోయాను. పద్నాలుగు సార్లు. "కన్ను పోతది అక్కా" అని సుశీల ఫోను గుంజుకుంది. గుంజుకోకపోతే పదిహేనోసారి గెలిచేదాన్నే, రాసిపెట్టుకో.

సాత్విక సంగతి విని కడుపు నిండింది. నేను చెప్పలేదా?

అయితే ఒక మాట. ఆ పిల్ల బిళ్ళలు పైకి చదువుతూ అతికించిందా, ఊరికే అతికించిందా? ఏం లేదు, తెలుసుకుందామని అడుగుతున్నాను. జవాబు రాయకపోయినా పరవాలేదు.

ప్రమీలాదేవి

*

సిద్దిపేట,
సెప్టెంబర్ 12

టీచర్ గారికి,

మీరు జవాబు రాయకపోయినా పరవాలేదన్నారు. రాస్తున్నాను.

పోయిన వారం బిళ్ళలన్నీ ఒక కాగితం మీద వేయించి, వరుస మార్చి, ఇంటిపని ఇచ్చాను. సంతోష్ దగ్గర రంగు అయిపోయిందని నలుపు తెలుపులో జిరాక్స్ తీశాడు. మరునాడు పద్దెనిమిది కాగితాలు తప్పో ఒప్పో నిండి వచ్చాయి. సాత్విక కాగితంలో ఒక్క జవాబు లేదు. ప్రతి బిళ్ళకూ క్రేయాన్లతో రంగు వేసి తెచ్చింది. గీత దాటకుండా ఎంత అందంగా వేసిందో! పసుపు, నీలం, ఆకుపచ్చ. అన్నీ తప్పు రంగులే.

"ఎందుకేసినవ్ బిడ్డా?" అని అడిగాను.

"రంగులేస్తే గుర్తొస్తదనుకున్న టీచర్" అంది.

పిల్లలను ఆడుకోవడానికి పంపి, ఒకటో తరగతి వాచకం తీసి ముందు పెట్టాను. "అల" చదివింది. "ఆవు" బొమ్మ చూసి చదివింది. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెడితే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ బిళ్ళ ఏ రంగు, పై నుంచి ఎన్నోది అని గుర్తు పెట్టుకుని అతికిస్తోంది. అంత జ్ఞాపకం ఉన్న పిల్లకు చదవడం రాదు టీచర్. ఐదో తరగతి. మార్చి తర్వాత ఇక్కడి నుంచి కుకునూరుపల్లి హైస్కూలుకు పోవాలి. అక్కడ అరవై మందిలో వెనక బెంచీ మీద ఎవరూ అడగని పిల్లగా మిగిలిపోతుంది. నా చేతిలో ఆరు నెలలున్నాయి.

రిజిస్టరు తీశాను. రెండులో ఎ. మూడులో ఎ. నాలుగులో ఎ. ఆ ఎ తోక ఎవరు అట్లా ముడి వేస్తారో నాకు తెలుసు.

లచ్చవ్వ ఆ ప్రోగ్రెస్ కార్డులు ట్రంకు పెట్టెలో పట్టుచీరె కింద దాచుకుంది. "మా పిల్లకు అన్నీ ఎ లే" అని అన్నం వడ్డిస్తూ అందరికీ చెబుతుంది. ఆమె మొహం చూడలేకపోతున్నాను. మీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఇది కూడా తిప్పి పంపితే పంపండి.

ఎస్తేరు

*

నిజామాబాద్,
అక్టోబర్ 5

ఎస్తేరూ,

నీ ఉత్తరం తిప్పి పంపడం లేదు. దిద్దలేదు. తప్పులు లేవని కాదు.

మూడు వారాలు ఊరుకున్నాను. కింద బతుకమ్మ ఆడుతున్నారు, సుశీల కూడా వెళ్ళింది. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పటికీ రాయను.

సాత్విక రెండో తరగతిలో ఉన్నప్పుడు పత్తి ట్రాలీ మీద నుంచి పడింది. తలకు దెబ్బ. తల్లిదండ్రులు కోళ్ళ ఫారంలో పని వదిలేసి హైదరాబాద్ దవాఖానలో ఐదు నెలలు పిల్ల పక్కనే ఉన్నారు. బడికి తిరిగొచ్చిన రోజు గుండు, గుండు మీద పొడుగాటి కుట్లు. ఆరు నెలలు పిల్ల మీద ఒత్తిడి పెట్టొద్దని డాక్టర్ చెప్పాడట. ఆ రోజే పిల్లలు తాకుడాట ఆడుతున్నారు. ఎవడో పోయి దాన్ని తాకి "ఔట్" అన్నాడు. ఆ పిల్ల తల రెండు చేతులతో పట్టుకుని మట్టిలో కూర్చుండిపోయింది. నేను వరండాలోంచి పరుగెత్తాను. అందరినీ నిలబెట్టి చెప్పాను: "ఇయ్యాల్టి సంది సాత్విక మన బడికి అరటిపండు. ఎవ్వరన్న ఔట్ చేసిన్రో, నా బెత్తం ఊకోదు."

మన పిల్లలు మాట వినరని పేరు గానీ ఆ ఒక్క మాట మాత్రం మూడేళ్ళు విన్నారు. నేనూ విన్నాను. ఆటలో ఔట్ చేయకూడదన్న దాన్ని చదువులో మాత్రం ఎట్లా చేస్తాను? ప్రశ్న వేయలేదు, నోటు పుస్తకం మీద ఎర్ర పెన్ను పెట్టలేదు. ఆ ఏడు ఎ వేశాను, లచ్చవ్వ కార్డు చూసి నవ్వింది. ఆ నవ్వు కోసం మరుసటి ఏడు కూడా వేశాను. ఆరు నెలలు ఎప్పుడో అయిపోయాయి. నేను నియమం పెట్టాను గానీ అది ఎప్పుడు పోవాలో పెట్టలేదు. నీ కోతి తెర దాటి పోయినట్టు పోయింది.

ఇదంతా నాకు అక్కడ ఉండగా తెలియలేదు. ఇక్కడికొచ్చాక తెలిసింది. సుశీల నన్ను ఎంత బాగా చూసుకుంటుందో చెప్పలేను. ఏ పనీ ముట్టనివ్వదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని కూడా అడగదు. నేను ఏమన్నా "అవునక్కా" అంటుంది. నాతో పోట్లాడదు. ఒకరోజు పాము ఆట మళ్ళీ ఓడిపోయి నాలో నేనే సంతోషపడ్డాను ఎస్తేరూ. ఆ పాము ఒక్కటే నన్ను లెక్కలో పెట్టుకుంది.

ఇంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. నేను తప్పు చేశాను. పిల్ల మీద ప్రేమతో చేశాను, కానీ నష్టం పిల్లకే జరిగింది. లచ్చవ్వకు నిజం చెప్పు. తిట్టేది నన్నే తిట్టమను. అడ్రసు ఇవ్వు.

ప్రమీలాదేవి

*

సిద్దిపేట,
నవంబర్ 20

ప్రమీలా టీచర్ గారికి,
ఎస్తేరు వందనాలు, వందనాలు, వందనాలు.

ఆ ఉత్తరం అట్లా రాసినందుకు నన్ను మన్నించండి. కోపం నిజమే, కానీ చివరన మీ కన్ను ఎట్లుందో కూడా అడగలేదు. ఎట్లుంది?

దసరా సెలవుల తర్వాత రెండు పనులు చేశాను. ఒకటి, సంతోష్‌ను పిలిపించి మూడు తెరల్లోనూ రంగు తీయించాను. ఇప్పుడు మన మక్కచేను బూడిద రంగు, కోతి బూడిద రంగు. "కోతి ముసల్దైంది టీచర్" అని సాయికిరణ్ గోల. కానీ ఇక ఎవరైనా సరే చదివి అతికించాల్సిందే. రెండోది, రోజూ ప్రార్థనకు ముందు సాత్విక, నేను వరండాలో బియ్యం బస్తాల మీద కూర్చుని బిళ్ళల కాగితాలతో చదువుకున్నాం. వాచకం వద్దంది. "న-డు-వు" అని చదివి నిజంగా లేచి నడిచేది. "ఆ-గు" అని చదివి ఆగేది. నెల రోజుల్లో వరండా అంతా నడిచింది.

బాలల దినోత్సవం నాడు తల్లిదండ్రులను పిలిచి ఆట చూపించాం. ఐదుగురు ఐదు బొమ్మలు. మాటల బిళ్ళలు ముప్ఫై ఒకటి. పిల్లలు తమ తమ పేర్లే బొమ్మలకు పెట్టుకున్నారు. లచ్చవ్వ ముందు వరుసలో గరిటె పట్టుకునే కూర్చుంది.

ఆట మొదలైంది. కోతి వచ్చి సంగీతను తాకింది, ఔట్. సాయికిరణ్‌ను తాకింది, ఔట్, వాడి ఏడుపు కుకునూరుపల్లి దాకా. తర్వాత సాత్విక బొమ్మ మీదికి దూకింది. ఏమీ కాలేదు. మళ్ళీ దూకింది. ఏమీ కాలేదు. సాత్విక కావాలనే బొమ్మను తీసుకెళ్ళి కోతి ముందు నిలబెట్టింది. కోతి దాని లోపలి నుంచే దాటిపోయింది.

సాత్విక లేచి నిలబడింది. నాలుగు నెలల్లో మొదటిసారి గట్టిగా మాట్లాడటం విన్నాను.

"నాకేంది? నాకెందుకు తాకుతలేదు?"

"నువ్వు అరటిపండువు గదా" అన్నాడు సాయికిరణ్, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

"నేను గాను. తియ్యున్రి."

"ప్రమీల టీచర్ చెప్పింది. మేం తియ్యం. నీకు గావాల్నంటే నువ్వే తీస్కో."

టీచర్, నేను లేవబోయి ఆగిపోయాను. ముప్ఫై ఒక్క బిళ్ళలు, అన్నీ బూడిద రంగే. వాటిలో "తాకితే" అని ఉన్నవే ఐదు. ఒక్కోటి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. "సం... గీ... త... ను..." అని చదివి కాదని వదిలేసింది. "సా..." అని ఆగింది. అది సాయికిరణ్ ది. పావుగంట పట్టింది. వెనక తల్లులు గుసగుసలాడుతున్నారు. లచ్చవ్వ ఆగలేక "అరే, పిల్లకు జెర్ర చెప్పున్రిరా!" అని గరిటె ఎత్తింది. "ఉష్ లచ్చవ్వా! ఆమెనే చదువుతది" అన్నాడు సాయికిరణ్. వాడి నోట ఇంత మంచి మాట నేనెప్పుడూ వినలేదు.

"సా... త్వి... క... ను... కో... తి... తా... కి... తే... ఏ... మీ... చే... య... కు."

చదివి, "ఏమీ చేయకు" బిళ్ళను లాగి పారేసింది. ఔట్ అనే బిళ్ళను వెతికి దాని జాగలో పెట్టింది. ఆట మళ్ళీ మొదలుపెట్టింది. మూడు నిమిషాలు కాదు టీచర్, మూడు సెకన్లలో కోతి దాన్ని పట్టుకుంది. తెర మీద పెద్దగా పడింది: సాత్విక ఔట్.

ఎగిరి గంతేసింది. బడి ఎగిరిపోయేలా నవ్వింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. లచ్చవ్వ ఒక్కతే "నా మనవరాలిని ఔట్ చేసిన్రు గదరా!" అని ఏడుపు మొదలుపెట్టింది. "నాయినమ్మా, నేనే అయిన!" అని సాత్విక పరుగెత్తుకొచ్చి చెబితే గానీ ఆపలేదు.

సాయంత్రం లచ్చవ్వకు అంతా చెప్పాను. ఆ ఎ లు ప్రమీలా టీచర్ వేసిన ప్రేమ అనీ, ఇప్పుడు నేను వేసిన సి మాత్రం సాత్విక సొంతంగా తెచ్చుకున్నదనీ. అన్నం గిన్నెలు కడిగి బోర్లించింది. తర్వాత, "గా టీచర్ దగ్గరుంటె రెండు మాటలంటుంటి" అంది. ఇంకాసేపయ్యాక, "దగ్గరుంటె అన్నం గుడ పెడుతుంటి" అంది. సి గ్రేడు కార్డు కూడా పట్టుచీరె కిందే పెట్టిందట.

సాత్విక మీకు ఉత్తరం రాస్తానంటోంది. నాలుగు రోజులుగా రాస్తోంది. నన్ను చూడనివ్వదు, అంటించి ఇస్తే నేను పోస్టు చేయాలి, అంతే.

మీ
ఎస్తేరు

*

ప్రమీల టీచర్ కు,

నేను సాత్విక. నేను మంచిగున్న. నువ్వు మంచిగున్నవా

నేను కంపూటర్ ల కోతుల ఆట చేసిన. నిన్న ఏడు సార్లు ఔటైన. సాయికిరణ్ ఐదు సార్లే అయిండు. నేనే ఎక్కువ.

నాయినమ ఏడ్చింది. మల్ల నవింది.

నేను ఇప్పుడు అరటిపడు కాదు. ఒకటో తరగతి వందన కొత్తగ వచ్చింది. ఆమె అరటిపడు. పది ఆటలే. పదకొండో ఆట సంది ఔట్. గట్ల బిళ్ళ పెట్టిన. నేనే పెట్టిన.

నువ్వు అందరి పుస్తకాల మీద ఎర్ర పెన్ను పెడతవు. నా పుస్తకం మీద ఎప్పుడు పెట్టలె. దీని మీద పెట్టు.

సాత్విక
ఐదో తరగతి

*

నిజామాబాద్,
డిసెంబర్ 9

చిరంజీవి సాత్వికకు,

నీ ఉత్తరం అందింది. నేను మంచిగున్నాను. కన్ను బాగుంది, సూదిలో దారం ఎక్కిస్తున్నాను. నిన్న మా చెల్లెలితో పోట్లాడి బెండకాయలు నేనే కోశాను.

వందనకు పది ఆటలే అని బిళ్ళ పెట్టావు చూడు, ఆ ఆలోచన నాకు మూడేళ్ళలో రాలేదు. టీచర్‌ను నేను. అయినా రాలేదు. నిన్ను అన్నేళ్ళు అరటిపండుగా ఉంచడం నా తప్పు బిడ్డా. నువ్వు తీసి పారేసి మంచి పని చేశావు.

జనవరిలో వస్తున్నాను. బస్తాల సంగతి తేల్చడానికి లచ్చవ్వ పిలిచింది. ఆటలో నాకూ ఒక బొమ్మ పెట్టు. ముసలిదాన్ని కదా అని జాలిపడి కోతికి అడ్డం బిళ్ళ పెట్టావో, బెత్తం ఊరుకోదు. నేను పాము ఆటలో ఆరితేరాను, చూసుకుందాం.

నువ్వు అడిగినట్టే ఎర్ర పెన్ను పెట్టాను. పెట్టేముందు చాలాసేపు మూత తీసి పట్టుకుని కూర్చున్నాను. గుండ్రాలు వంకరగా వచ్చాయి, ఏమీ అనుకోకు. కంప్యూటర్‌లో "ప్యూ" రాయాలి. నాయినమ్మకు ఒక వత్తు తక్కువైంది, నవ్వింది అన్నచోట కూడా అంతే. అరటిపండుకు రెండు చోట్లా సున్న పెట్టలేదు. ఊరి పేరు లేదు, తేదీ లేదు, నన్ను మంచిగున్నవా అని అడిగి ప్రశ్న గుర్తు పెట్టలేదు.

దిద్దిన కాగితం ఇందులోనే పెట్టాను. తప్పులన్నీ ఒక్కోటి ఐదుసార్లు రాసి పంపు.

మార్కులు: ఇరవై ఐదుకు పద్నాలుగు. ఒక్కటి కూడా ఎక్కువ వేయలేదు.

నీ
ప్రమీలా టీచర్